గోలు గీత మీద సున్నం

మా సున్నపు బట్టీ షెడ్డులో తలుపు పక్కన గోడకి ఒక మేకు ఉండేది. దానికి తాడు కట్టి ఒక ఆముదం సీసా వేలాడేది. నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. సీసాలు మారాయి గానీ మేకు మారలేదు. పనిలో ఎవరి కంట్లోనైనా సున్నం పడితే నీళ్ళ జోలికి పోకుండా తిన్నగా ఆ సీసా దగ్గరికి రావాలి. తల వెనక్కి వంచి రెండు చుక్కలు వేసుకుని, కొంగుతోనో తువ్వాలుతోనో తుడుచుకుని మళ్ళీ పనిలోకి పోవాలి. ఈ నియమం మా నాన్న పెట్టాడు, ఆయనకి వాళ్ళ నాన్న పెట్టాడు. ఎందుకని అడిగినవాళ్ళు లేరు. కాల్చిన సున్నం మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో రోజూ చూసేవాళ్ళం. రాయి పగిలి, కుతకుతా ఉడికి, పొగలు కక్కుతుంది. అలాంటిది కంట్లో పడితే పైన నీళ్ళు పోసుకునే తెలివితక్కువవాడు ఎవడుంటాడు? నేనూ అలాగే అనుకున్నాను. నలభై ఏళ్ళు వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

గురజాల నుంచి పిడుగురాళ్ళ పోయే దారిలో మా బట్టీ. అటువైపు ఎవడిని కదిపినా క్రికెట్టే. కాస్త పాతకాలం వాళ్ళయితే కబడ్డీ, వాలీబాల్. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాడు నాకు తెలిసి మా బావమరిది ఒక్కడే, అంటే మా ఆవిడ తమ్ముడు. హాస్టల్లో చదువుకునేటప్పుడు అక్కడి డ్రిల్లు మాస్టారు వీడి పొడుగు చూసి గోలుపోస్టులో నిలబెట్టాడట. చదువు ఒంటబట్టలేదు గానీ అది ఒంటబట్టింది. మా సున్నం లారీకి డ్రైవరయ్యాక కూడా క్యాబిన్లో దేవుడి బొమ్మ పక్కనే గోలీ, అంటే గోల్‌కీపరు, వేసుకునే చేతి తొడుగులు వేలాడదీసేవాడు. ఆదివారం వస్తే లోడింగ్ వాళ్ళనీ పక్క బట్టీ వాళ్ళనీ పోగేసి రోడ్డవతల ఖాళీ స్థలంలో ఆడించేవాడు. పదకొండు మంది ఎప్పుడూ దొరకలేదు. అటు ఏడుగురు, ఇటు ఆరుగురు, తక్కువైన చోట నేను. నాకు పరుగు రాదు, ఆయాసం మాత్రం వస్తుంది.

"బావా, నువ్వు ఊరికే నిలబడు. బంతే వచ్చి నీకు తగులుద్ది" అనేవాడు.

ఆ ఏడు ఆసియా క్రీడల్లో మన మగవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు మొదటి మ్యాచ్ వినాయక చవితి మర్నాడు పడింది, చైనాతో. బట్టీకి ఎలాగూ సెలవు. వాడు వారం ముందే తీర్మానం చేసేశాడు. పొద్దున మేము ఆడాలి, సాయంత్రం అందరం మా ఇంట్లో కూచుని ఇండియా ఆట చూడాలి. పైగా ఈసారి టీవీలో లాగా గీతలు ఉండాలన్నాడు. అప్పటిదాకా మా గోలు గీత అంటే రెండు సరుగుడు కర్రల మధ్య మడమతో గీసిన గాడి.

నేను గీతలకి సున్నం తేవడానికి బయల్దేరుతుంటే మా ఆవిడ గుమ్మంలో ఆపింది.

"నిన్నటి ముగ్గు శేరుడు మిగిలుందయ్యా. అది పట్టుకుపోరాదా?"

"ఏమే, సున్నపు బట్టీ పెట్టుకుని ముగ్గుతో గీతలేస్తే నలుగురూ నవ్వరా?" అన్నాను.

నిజానికి నీళ్ళు చల్లి ముందే చల్లార్చిన సున్నం తీసుకెళ్ళినా సరిపోయేది. ఆ బస్తాలు గోడౌన్లో అడుగున ఉన్నాయి, బద్ధకించాను. బట్టీ వాకిట్లో రాలిన పొడి, నీళ్ళు తగలనిది, పార ఎత్తి గోతంలో పోశాను. రేకు డబ్బాకి చిల్లులు పెట్టి దానితో గీతలు పోశాను. ముందురోజు వాన పడి నేల తేమగా ఉంది. గీత మీంచి సన్నగా ఆవిరి లేచింది. అందరం చూశాం. "గీతలు కూడా వేడి మీదున్నయిరోయ్" అని ఒకడన్నాడు. నవ్వుకున్నాం.

అరగంట ఆడామేమో. పక్క బట్టీ వాడొకడు గట్టిగా తన్నాడు. గోలులో ఉన్న మా బావమరిది పక్కకి ఎగిరి నేల బారుగా దూకి బంతి ఆపాడు. ఆ ఊపుకి గోలు గీత మీద ముఖం ఆనించి గజం దూరం జారాడు. లేచి బంతి చూపించి నవ్వాడు. ఆ తరువాత రెండు చేతులూ ముఖానికి తీసుకున్నాడు.

ఇక్కడినుంచి నేను చెప్పేది చాలాసార్లు నాలో నేను చెప్పుకున్నదే. "నీళ్ళు, నీళ్ళు పొయ్యండ్రా" అని అరిచాడు. మాతో ఆడేవాడొకడు తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ క్యాను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. నేను దాన్ని కాలితో తన్నేశాను. మొత్తం ఆటలో నేను తన్నింది అదొక్కటే అనుకుంటా. మూత ఊడి నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. వాడి గుండెల మీద మోకాలు పెట్టి రెండు మణికట్లూ పట్టుకున్నాను.

"నీళ్ళొద్దురా! ఉడుకుద్ది! కళ్ళు పోతయి!"

"బావా, నీళ్ళు బావా. మండుతంది, చానా మండుతంది. నీళ్ళు పొయ్యి బావా."

బండి మీద మనిషిని పంపించి షెడ్డులోంచి ఆముదం సీసా తెప్పించాను. సెలవని షెడ్డుకి వేసిన తాళం చెవి మా ఇంటినుంచి తేవాల్సొచ్చి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ వాడి చేతులు వదల్లేదు. సీసా రాగానే రెండు కళ్ళలోనూ ధారగా పోశాను. చుట్టూ ఉన్నవాళ్ళు అమ్మయ్య అనుకున్నారు. నేనూ అనుకున్నాను. సమయానికి నేను ఉన్నాను కాబట్టి సరిపోయిందనుకుని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. ఆ మాట దాచిపెట్టి రాయడం అనవసరం.

కళ్ళ డాక్టరు పేటలో ఉంటుంది. నరసరావుపేటని మేము పేట అనే అంటాం. కారులో గంట ప్రయాణం. ఆస్పత్రిలో నర్సు వాడిని బల్ల మీద పడుకోబెట్టి, సెలైన్ పైపు కళ్ళలోకి పెట్టి గంటకు పైగా కడిగింది. తెల్లటి జిగురు ముద్దలు దూదితో తీసి పళ్ళెంలో వేస్తూ ఉంది. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"ముందు ఏం పోశారు?"

"ఆముదమండీ."

"నీళ్ళు?"

"నేనే పోయనివ్వలేదండీ. సున్నం ఉడుకుద్దని."

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు ఏడుపైనా వచ్చేదేమో. "కంట్లో తడి ఎప్పుడూ ఉంటుంది. పడ్డ క్షణం నుంచే సున్నం లోపల ఉడకడం మొదలుపెడుతుంది. దాన్ని కడిగి బయటికి తోసేది నీళ్ళే, ఎన్ని పోస్తే అంత మంచిది. మీ నూనె దాన్ని లోపలే పట్టి ఉంచింది. అప్పుడే బిందెడు నీళ్ళు పోసుంటే బహుశా ఇంత దూరం వచ్చేదే కాదు" అంది. ఎడమ కన్ను నిలబెట్టొచ్చని, కుడి కన్ను సంగతి చెప్పలేనని అంది. వరండాలో మేమిద్దరమే ఉన్నాం. ఆ మాటలు విన్నది నేనొక్కడినే.

అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. చెయ్యి మీద తల పెట్టి పడుకుంటే లేచాక ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుందే, మనిషి మొత్తం అలా అయ్యాను. కిందకి పోయి కారు తీసి నీడలో పెట్టాను. టీ తాగాను. మా ఆవిడకి ఫోన్ చేసి భయం లేదని చెప్పాను. అన్నీ సక్రమంగా చేశాను.

సాయంత్రం అయిదవుతుంటే వాడు, రెండు కళ్ళకీ కట్లతో, తల తిప్పకుండా అడిగాడు.

"బావా, ఆట మొదలైందా?"

నాకు ఆ రోజు మ్యాచ్ ఉన్న సంగతే గుర్తులేదు. ఫోన్లో పెట్టాను. కామెంటరీ ఇంగ్లీషులో గడగడా పోతోంది, వాడికి సగమే అందుతుంది. నన్ను చెప్పమన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. మన జట్టు ముందురోజే దిగిందట, సరిగ్గా నిద్ర కూడా లేదట అని చెప్పాను. చైనా వాళ్ళు గోలు కొట్టారని చెప్పాను. కాసేపటికి వాళ్ళకి పెనాల్టీ వచ్చిందని, మన గోలీ ఆపేశాడని చెప్పాను. వాడు మంచం మీద లేచి కూచోబోయాడు.

"ఆపాడా? ఎటు దూకాడు బావా?"

నేను చూడలేదు. ఫోను నా చేతిలోనే ఉంది, కళ్ళు దాని మీదే ఉన్నాయి, అయినా చూడలేదు. "ఎడమకి" అన్నాను.

"పూర్తిగా పడుకున్నాడా, నిలబడే ఆపాడా?"

"పడుకున్నాడు."

వాడి పెదాలు నవ్వాయి. సగం ఆట అయ్యేసరికి మనవాళ్ళు కూడా ఒకటి కొట్టి సమం చేశారు. ఆ తరువాత చైనా వాళ్ళు వరసగా నాలుగు వేశారు. ఒక్కొక్కటీ ధాన్యం బస్తాలు దించేవాడు లెక్క చెప్పినట్టు చెప్పాను. రెండు, మూడు, నాలుగు, అయిదు. "ప్రయాణం బడలిక బావా, కాళ్ళు రావు" అని వాడు జట్టుని వెనకేసుకొచ్చాడు.

ఆ తరువాత రోజుల్లో మనుషులు ఆస్పత్రికి చూడ్డానికి వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకీ వాడు ఒకటే చెప్పేవాడు. "మా బావ ఉండబట్టి సరిపోయింది. నేను పిచ్చోడిలాగా నీళ్ళు పొయ్యమని అరుస్తన్నా. చేతులు పట్టుకుని ఆపాడు, వెంటనే ఆముదం పోశాడు. లేకపోతే రెండూ పోయేవి." ముప్పాళ్ళ నుంచి వచ్చిన వాళ్ళ పెదనాన్న నా భుజం తట్టాడు. మా ఆవిడ అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురిలో ఆమె అలా చేయలేదు. నేను చెయ్యి తీసుకోలేదు, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకోనూ లేదు. ఫలహారాలు అందించాను, కుర్చీలు సర్దాను. చెప్పాలని నోటిదాకా రాలేదని అబద్ధం ఆడను. వచ్చింది. ఎవరో అరటిపళ్ళు ఒలిచి పెడుతుంటే తిన్నాను.

బంగ్లాదేశ్ మ్యాచ్ మధ్యాహ్నం పూట. ఇక అయిపోతుందనగా మనకి పెనాల్టీ వచ్చింది, గెలిచాం. వాడు కట్ల వెనకాల ఏడ్చినట్టున్నాడు, నర్సు వచ్చి కళ్ళు తడవకూడదని తిట్టింది. మయన్మార్ ఆట నాటికి ఎడమ కంటి కట్టు తీశారు. డాక్టరమ్మ వేళ్ళు చూపిస్తే మసకగా లెక్కపెట్టగలిగాడు. కుడి కన్ను కూడా విప్పి చూసి మళ్ళీ కట్టేసింది. నల్లగుడ్డు ఉండాల్సిన చోట పాలు కలిపినట్టు తెలుపు. నేను దాన్ని చూశాను. వాడు చూసుకోలేదు, ఎవరూ అద్దం ఇవ్వలేదు. ఆ రోజు ఆట సమానంగా తేలింది, అదే చాలు పై అంచెకి వెళ్ళామన్నాడు.

సౌదీతో ఆటకి వాడు మా ఇంట్లో ఉన్నాడు. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, టీవీ ముందు కుర్చీ లాక్కుని, మొదటిసారి తన కంటితోనే చూశాడు. నన్ను ఏమీ చెప్పమనలేదు. మొదటి సగం ఎవరూ గోలు వేయలేదు. రెండో సగం మొదలవగానే సౌదీవాళ్ళు ఒకదాని వెనక ఒకటి రెండు వేశారు. అంతే, మన జట్టు ఇంటికి వచ్చేసింది. మా ఆవిడ టీవీ కట్టేసి పకోడీలు తెచ్చింది. వాడు ఒకటి అందుకోబోయి పళ్ళేనికి ఇవతలే వేళ్ళు మూశాడు. గాలి దొరికింది. మళ్ళీ చెయ్యి చాపి తడిమి తీసుకున్నాడు.

"దూరం తెలవట్లా బావా. బంతి కూడా అంతే. దగ్గరికొచ్చిందో ఆడే ఉందో తెలవట్లా" అన్నాడు. పకోడీ తుంచుతూ, "ఇంక లారీ కూడా ఇవ్వరుగా?" అన్నాడు.

ఒంటి కన్నుతో పెద్ద బండి నడపనివ్వరు. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. "చూద్దాంలే" అన్నాను. ఆ మాట అన్నందుకు ఈరోజుకీ నా మీద నాకు అసహ్యం.

నెల తరువాత వాడు బట్టీకి వచ్చాడు. బండి దగ్గరికి పోలేదు. తిన్నగా షెడ్డులోకి వచ్చాడు, చేతిలో కొత్త సీసా. పాతదానికి రెండింతలుంటుంది, నిండా ఆముదం. తనే తాడు కట్టి తెచ్చాడు. మేకుకి తగిలించబోయి ఒకసారి గురి తప్పాడు, రెండోసారి తగిలించాడు. జల్లెడ పట్టే ఆడవాళ్ళనీ లోడింగ్ వాళ్ళనీ పిలిచాడు.

"ఇదిగో చూసుకోండి. ఎవరికేమైనా సరే, నీళ్ళ దగ్గరికి పోవద్దు. ముందు ఇది. నన్ను చూసైనా నేర్చుకోండి" అన్నాడు.

వాళ్ళందరూ తలలూపారు. వాళ్ళలో పదేళ్ళుగా మా దగ్గర జల్లెడ పట్టే పిన్ని ఒకామె సీసాకి దణ్ణం కూడా పెట్టింది. అది చూశాక నాకు గొంతు వచ్చింది. ధైర్యం కాదు. ఇంకొకరి కళ్ళు కూడా నా చేతులతో పోవడం చూడలేనని భయం, అంతే.

"అది తప్పురా" అన్నాను. "నీళ్ళే పొయ్యాలి. ఎన్నయితే అన్ని నీళ్ళు. ఆముదం పొయ్యగూడదు. ఆ రోజు నీళ్ళు పోసుంటే నీ కన్ను దక్కేది. డాక్టరమ్మ ఆ మధ్యాహ్నమే చెప్పింది నాకు. నేను ఎవరికీ చెప్పలా."

వాడు నావైపు కాకుండా సీసావైపు చూశాడు. వాడి గొంతులో కోపం లేదు. మరిచిపోయిన వస్తువు ఎక్కడ పెట్టానో గుర్తొచ్చినవాడిలా అన్నాడు.

"నేను నీళ్ళడిగా గదా బావా."

అంతే అన్నాడు. సీసా మేకు మీంచి తీసి బయటికి తీసుకెళ్ళాడు. ఆ రోజుతో బావా అన్న పిలుపు పోయింది. తిట్టలేదు, కొట్టలేదు, మా ఇంటికి రావడం మానలేదు. అక్కతో మామూలుగానే ఉంటాడు. ఆమెకి విషయం అంతా నేనే చెప్పాను. ఆమె నాతో మూడు రోజులు మాట్లాడలేదు. ఆ తరువాత ఉప్పు తెమ్మని పంపింది. వాడు మాత్రం నాతో పని ఉంటే "ఇదిగో", "అదిగో" అంటూ మాట్లాడతాడు. తిడితే పడదామని ఒకసారి అడిగాను కూడా, తిట్టరా అని. "ఏం తిట్టేది" అని వే బ్రిడ్జి గదిలోకి పోయాడు. ఇప్పుడు అక్కడే పని, లారీల బరువు చూసి చీటీ రాయడం. ఫుట్‌బాల్ తొడుగులు ఎవరికిచ్చాడో నాకు తెలియదు.

మేకు కింద ఇప్పుడు నీళ్ళ డ్రమ్ము ఉంది, నీలం రంగుది. మర్నాడే వాడు తెచ్చి పెట్టాడు. రోజూ పొద్దున్నే పనివాళ్ళు రాకముందు పాత నీళ్ళు పారబోసి కొత్తవి నింపుతాడు. నేను నింపుతానంటే వినడు. పక్కన ఒక మగ్గు, గొలుసుతో కట్టి.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, అదే జల్లెడ పిన్ని పెద్దగా కేక పెట్టింది. గాలి తిరిగి జల్లెడలోని పొడి ముఖాన కొట్టింది. నేను షెడ్డు గుమ్మంలోనే ఉన్నాను. వాడు వే బ్రిడ్జి గదిలోంచి దూకినట్టు వచ్చాడు. ఆమెని జబ్బ పట్టుకుని డ్రమ్ము దగ్గరికి ఈడ్చుకొచ్చి, తల వంచి, తన వేళ్ళతో ఆమె రెప్పలు విప్పి పట్టుకున్నాడు. రెండు చేతులూ దానికే సరిపోయాయి. మగ్గు గొలుసుకి ఊగుతోంది.

నేను వెళ్ళి మగ్గు తీసుకున్నాను. ముంచి పోశాను. మళ్ళీ పోశాను. ఆమె గింజుకుంటోంది, వద్దు వద్దని ఏడుస్తోంది. ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. ఉడుకుతుందేమోనని నలభై ఏళ్ళ భయం, ఎక్కడికి పోతుంది.

"పొయ్యి బావా, ఆపొద్దు" అన్నాడు వాడు, తల ఎత్తకుండా.

డ్రమ్ము అడుగు కనిపించేదాకా పోస్తూనే ఉన్నాను. నా కళ్ళ వెంట కూడా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.